అక్షరాభ్యాసమునకు ముందు

గుంటూరునుండి తెనాలికి పోవు రైలుమార్గముపై సంగం జాగర్లమూడి యను గ్రామము కలదు. చుట్టును వరిపొలములు. ఇట్టి పల్లెలలో నాట్ల కాలమున తల్లిదండ్రులు పెందలకడనే పొలములకు పోవుదురు. బిడ్డను బడిలో చేర్చునాడు వారిలో కొందరు, "మాకు చదువు రాదు, బిడ్డకు మేమేమి నేర్పగలము?" అని చింతింతురు. చదువనగా అక్షరములే యని తలచుటయే ఈ చింతకు కారణము.

పలక పట్టుటకు ముందే బిడ్డ నేర్వవలసినవి కొన్ని కలవు. ఇతరులు చెప్పునది వినుట, తన వంతు వచ్చువరకు ఓర్చుకొనుట, ఉన్నదానిని తోటివారితో పంచుకొనుట, తెలియనిది జంకక అడుగుట, ఓడినపుడు అలుగక మరల ఆటలో చేరుట అట్టివి. తరగతిలో ఉపాధ్యాయుడొక బాలునితో మాటలాడుచుండగా తక్కినవారు వేచియుండక తప్పదు. వేచియుండలేనివానికి పాఠము తలకెక్కదు. అడుగ జంకువాని సందేహము తీరదు. తెలివిగల బాలుడును ఇట్లు వెనుకబడవచ్చును.

ఈ గుణములు ఇంటనే మొలకెత్తును. దాగుడుమూతల ఆటను చూడుడు. దొంగయైన బాలునికి కన్నులు తెరచి చూడవలెనని యెంతయో కోరిక. అయినను అందరును దాగువరకు మూసికొనియే యుండును. మనస్సును నిలుపుటలో అది తొలిపాఠము. వామనగుంటల పీటలో రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు ఉండును. చింతగింజలను గుంటకొకటిగా వేయుచు బాలిక లెక్క నేర్చును; ఎదుటివారు ఆడుచుండగా చేయి చాపక చూచుటయు నేర్చును. ఆమెతో ఆడు అవ్వకు అక్షరము రాకున్నను ఆ అవ్వ గురువే.

ఇంటికిని బడికిని గల ఈ సంబంధమును గుర్తించినవారిలో ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి ముఖ్యురాలు. 1907 జనవరి 6వ తేదీన ఆమె రోము నగరమున శాన్ లొరెంజో పేటలో పేద శ్రామికుల పిల్లలకై 'శిశుగృహము'ను తెరచెను. అచట రుసుము లేదు. తల్లిదండ్రులకు నియమములు మాత్రము కలవు. బిడ్డను శుభ్రముగా పంపవలెను. ఉపాధ్యాయినిని గౌరవించి, ఆమెకు తోడ్పడవలెను. తల్లులు వారమునకొకసారియైనను ఆమెను కలిసి, ఇంట బిడ్డ నడవడిని తెలిపి, సలహా పొందుటకు ఏర్పాటుండెను. మాంటిసోరి 1939లో మదరాసునందలి అడయారునకు వచ్చి, మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను.

భారతదేశమున 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 ప్రాంతములలో ఆరంభమయ్యెను. దాని అంగన్‌వాడీలలో మూడేండ్లు మొదలు ఆరేండ్లవరకు గల పిల్లలు ఆటపాటలతో కలసిమెలసి యుండుట నేర్చుకొందురు. అయినను అంగన్‌వాడీ కొన్ని గంటలే. తక్కిన దినమంతయు ఇంటిదే.

రాత్రి అన్నము తినునపుడు, "ఈనాడెవరితో ఆడితివి? ఎందులకు తగవుపడితిరి?" అని అడుగుటకు చదువు రానక్కరలేదు. బిడ్డ మాటను నడుమ త్రుంపక వినినచో బిడ్డయు వినుట నేర్చును. తగవు చెప్పుకొని వచ్చినపుడు, ఎదుటిపిల్లవానిని కసరుటకు పోక, "వాడేమనెను?" అని అడిగినచో ఇతరుల మనస్సును తెలిసికొనుట నేర్చును.

పనులవలన పెద్దలకు తీరిక లేనపుడు అన్నలును అక్కలును ఈ భారమును వహింపవచ్చును. తమ్ముడు కన్నులు మూసికొని, తడబడుచు పదివరకు లెక్కించుచుండగా, నవ్వక ఓపికతో దాగియున్న అన్న, తనకు తెలియకయే తమ్మునికి బడిదారి చూపుచున్నాడు.