పాముకు వైరి.. కుంచెకు బలి
పొలంలో ఎలుకలను పట్టే ముంగిసకు వెంట్రుకలే శాపం

ముంగిస అనగానే పాముతో పోరాటమే గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు సంతల్లో, వీధి కూడళ్లలో గారడీవారు చూపిన ప్రదర్శనల ప్రభావమది. వాస్తవానికి దాని ఆహారంలో పాముల వాటా స్వల్పమే. ఎలుకలు, తొండలు, తేళ్లు, పురుగులు, పక్షుల గుడ్లు, రాలిన పండ్లు.. ఏది దొరికితే అది తింటుంది. వరి గట్లను గుల్ల చేసే ఎలుకలను వెతికి పట్టే ఈ జీవి రైతుకు ఖర్చు లేని కాపలాదారు.

ఊళ్ల చుట్టూ తరచుగా కనిపించేది బూడిదరంగు ముంగిస. బరువు కిలో నుంచి కిలోన్నర వరకు ఉంటుంది. తోక దాదాపు శరీరమంత పొడవు. అడవుల్లో తిరిగే ఎర్ర ముంగిసను తోక చివరి నలుపును బట్టి గుర్తించవచ్చు. కంచెలు, రాళ్ల కుప్పలు, బొరియలే వీటి నివాసం. సుమారు రెండు నెలల గర్భం అనంతరం రెండు నుంచి నాలుగు పిల్లలు పుడతాయి.

విషం ఎక్కదా?

ముంగిస ఏదో ఆకు తిని విషం విరిచేసుకుంటుందన్నది అపోహ మాత్రమే. నాగుపాము విషం నాడుల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలను అడ్డుకుంటుంది. ఆ విషం అతుక్కునే చోటు ముంగిస శరీరంలో భిన్నమైన నిర్మాణంతో ఉండటం వల్ల అంత సులభంగా పట్టదు. అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. విషం అధికంగా ఎక్కితే ముంగిసకూ ప్రాణాపాయమే. అందుకే చురుకుదనంపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని కాటుకు అందకుండా తప్పుకుంటూ, అదను చూసి పాము తలను పట్టేస్తుంది.

కోడిపిల్లలను ఎత్తుకుపోతుందన్న ఆగ్రహంతో కొందరు వీటిని చంపుతున్నారు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ ముంగిస పగటిపూట తిరిగే జంతువు. రాత్రివేళ గూటిలోని కోడి మాయమైతే అడవి పిల్లి వంటి వాటిని అనుమానించడం సమంజసం. పంచతంత్రంలో తొందరపడి ముంగిసను చంపిన కథ తెలియని ఇల్లు లేదు.

కిలోకు 50 ప్రాణాలు

అసలు ముప్పు చిత్రలేఖన కుంచెల వ్యాపారం నుంచి వస్తోంది. రంగును బాగా పట్టి ఉంచే ఈ వెంట్రుకలకు గిరాకీ ఎక్కువ. ఒక్క కిలో వెంట్రుకలకు సుమారు 50 ముంగిసలను చంపాల్సి వస్తుందని అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని వేటాడటం, వెంట్రుకలతో వ్యాపారం చేయడం జైలు శిక్ష పడే నేరాలు. 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ సంస్థ ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరిట దేశవ్యాప్తంగా దాడులు నిర్వహించింది. ఉత్తరప్రదేశ్‌లో కుంచెల తయారీకి పేరొందిన షేర్‌కోట్ పట్టణం ఈ వ్యాపారానికి ప్రధాన కేంద్రంగా వార్తల్లోకి ఎక్కింది.

ముంగిస వెంట్రుకపై ముదురు, లేత రంగుల పట్టీలు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. కుంచె కొనేవారు ఈ గుర్తును గమనించి నైలాన్ కుంచె అడగవచ్చు. వలలు, ఉచ్చులు పన్నేవారు కనిపిస్తే సమీప అటవీ అధికారులకు సమాచారం ఇవ్వవచ్చు.