డ్యూటీ దిగాక రాతపని: రోజుకు ఎంత రాయగలం?

సోనాపూర్‌లో మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. పై మంచం మీద పడుకునే సిరిసిల్ల తమ్ముడు పోయిన ఏడాది తలవైపు గోడ మీద మార్కర్‌తో ‘2000’ అని పెద్దగా రాసుకున్నాడు. ఇంటికి పంపాల్సిన దిర్హాల లెక్కేమో అనుకున్నాం. అడిగితే అసలు సంగతి చెప్పాడు.

‘‘అన్నా, ఇగ నేను దినం రెండు వేల మాటలు రాస్త. ఆన్‌లైన్ల మాటకు ఇరువై పైసలు ఇస్తరట. దినం నాలుగు వందలు. ఏడాదిల బాకీ మొత్తం తీరుతది.’’

కాగితం మీద ఆ లెక్క సరిగ్గానే ఉంది. అన్ని మాటలు రాయడానికి రోజులో అన్ని గంటలున్నాయా అన్నదే అతను చూసుకోలేదు.

ఫోన్‌లో రాసి నాలుగు డబ్బులు సంపాదించాలన్న కోరిక మన క్యాంపుల్లో చాలామందికి ఉంది. వెబ్‌సైట్లకు వ్యాసాలు, యూట్యూబ్ చానళ్లకు స్క్రిప్టులు, ప్రతిలిపి వంటి యాప్‌లలో కథలు, సీరియళ్లు... అవకాశాలు లేవని కాదు. నేనూ స్టోర్‌కీపర్ పని చేసుకుంటూ అయిదేళ్లుగా రాస్తున్నవాణ్నే. అందుకే ఆ రాత్రి తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రోజు లెక్క వేశాం.

పొద్దున నాలుగింటికి లేవాలి. నాలుగూ ముప్పావుకు బస్సు. ఆరింటికి డ్యూటీ మొదలు. ఎనిమిది గంటల పని, గంట విరామం, రెండు గంటల ఓవర్‌టైం కలిపితే సాయంత్రం అయిదు. ట్రాఫిక్‌లో క్యాంపు చేరేసరికి ఆరుంబావు. బాత్‌రూమ్ దగ్గర లైను, బట్టలు పిండుకోవడం, వంట వంతు. కూర పొయ్యి మీద ఉండగానే ఇంటికి ఫోన్ చేసుకోవాలి, ఎందుకంటే మనకంటే అక్కడ గంటన్నర ముందు, ఆలస్యమైతే పిల్లలు పడుకుంటారు. తిని, గిన్నెలు కడిగేసరికి పావు తక్కువ తొమ్మిది. తొమ్మిదిన్నరకు పడుకుంటేనే ఆరున్నర గంటల నిద్ర.

మిగిలింది ముప్పావు గంట.

ఇక రాసే వేగం. నేను ఫోన్‌లో టైము పెట్టుకుని చూసుకున్నాను. మనసు కుదిరిన రోజు అరగంటలో నూట ఇరవై మాటలు వస్తాయి. కాంక్రీటు పోసిన రోజు, ఒళ్లు పులిసిన రోజు డెబ్బై దాటవు. మంచి రోజు లెక్కే తీసుకున్నా గంటకు 240. రెండు వేల మాటలకు ఎనిమిది గంటలు దాటుతుంది. అంటే ఇంకో డ్యూటీ! ఆ మాట విని తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

పైసల సంగతీ చూద్దాం. మాటకు ఇరవై పైసలంటే గంటకు 48 రూపాయలు. దిర్హం 24 రూపాయలనుకుంటే రెండు దిర్హాలు. యూఏఈ చట్టం ప్రకారం ఓవర్‌టైంకు బేసిక్ మీద 25 శాతం ఎక్కువ కట్టివ్వాలి. 800 దిర్హాల బేసిక్ ఉన్న మనిషికి గంటకు నాలుగు దిర్హాల పైచిలుకు వస్తుంది. అంటే చౌక రేటుకు రాసే రాత ఓవర్‌టైంలో సగం కూడా గిట్టదు. ఈ ముక్క ఎవరూ చెప్పరు. ‘ఇంట్లో కూర్చుని నెలకు యాభై వేలు’ అని వీడియోలు పెట్టేవాళ్లు అసలే చెప్పరు.

టార్గెట్ పెట్టి దోచేవాళ్లు

తమ్ముడు నా మాట విని ఊరుకుంటే బాగుండేది. రెండు నెలల తర్వాత ఒకరోజు మొహం వాడిపోయి కనిపించాడు. వాట్సాప్‌లో ఎవరో ‘ఆన్‌లైన్ టైపింగ్ పని’ అని చెబితే రిజిస్ట్రేషన్‌కు 4,500 రూపాయలు కట్టాడట. ఏడు రోజుల్లో 450 ఫారాలు నింపాలి, తప్పులు పది శాతం దాటకూడదు, దాటితే జరిమానా. ఆ షరతులన్నీ ఉన్న ఒప్పందం మీద ఫోన్‌లోనే వేలితో సంతకం పెట్టాడు. మూడు రాత్రులు తెల్లార్లు కూర్చున్నా 110 దాటలేదు. ఎనిమిదో రోజున లాయర్ పేరుతో నోటీసు వచ్చింది. 38,000 కట్టకపోతే కోర్టు కేసు, పాస్‌పోర్టు ఆపుతాం అని. ఆ నోటీసు ఊళ్లో అతని భార్యకు కూడా పంపారు. ఆమె భయపడి పుస్తెలతాడు కుదువ పెట్టడానికి సిద్ధమైంది.

ఇది ఏళ్లుగా నడుస్తున్న మోసం. ఇందులో టార్గెట్ పెట్టేదే మనం దాన్ని అందుకోకూడదని. పని ఇచ్చేవాడు మన దగ్గర ముందుగా డబ్బులు తీసుకోడు. తీసుకున్నాడంటే అది పని కాదు. భార్యకు ఫోన్ చేయించి ఆపాం. ఇండియాలో ఇలాంటివాటికి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930. అక్కడ ఫిర్యాదు చేయించాం. బెదిరింపు ఫోన్లు పది రోజులు వచ్చి ఆగిపోయాయి. కోర్టు నుంచి ఏమీ రాలేదు. కట్టిన 4,500 మాత్రం తిరిగి రాలేదు.

అతన్ని ఎక్కువ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే మొదట్లో నేనూ రోజుకు వెయ్యి మాటల పట్టుదల పట్టినవాణ్నే. పదకొండు రోజులు రాత్రి పన్నెండున్నర దాకా మేల్కొన్నాను. పన్నెండో రోజు స్టోర్‌లో 12 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 16 మిల్లీమీటర్లది ఇచ్చేశాను. కట్టినదంతా విప్పించారు, రెండు రోజుల జీతం పోయింది. స్టోర్ కాబట్టి జీతంతో పోయింది. అదే నిద్రమత్తు పరంజా మీద ఉన్నవాడికి వస్తే ఏమయ్యేదో సైటులో పనిచేసే మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఎండలో పని ఆపుతారు కదా, ఆ టైములో రాద్దామని కొందరు ఫోన్ తీస్తారు. నా మాట వినండి, ఆ టైము నిద్రపోండి.

మరి ఎంత పెట్టుకోవాలి?

అన్నిటికంటే చెడ్డ రోజున మీరు ఎంత రాయగలరో అంతే పెట్టుకోండి. మంచి రోజు చూసి పెట్టుకున్న లెక్క మూడో రోజుకే విరిగిపోతుంది. ఒక వారం పాటు ఏ లక్ష్యమూ పెట్టుకోకుండా రోజూ ఎన్ని మాటలు వచ్చాయో తేదీ వేసి రాసుకోండి. ఆ ఏడింటిలో తక్కువది ఏదో అది మీ లెక్క. నాది వంద దగ్గర తేలింది. ఇప్పటికీ నా లెక్క వందే. రెండు వందలు వచ్చిన రోజు సంతోషం, అంతే.

నిన్నటి బాకీ ఇవాళ కలపొద్దు. బాకీకి వడ్డీ ఎలా పెరుగుతుందో ఏజెంటుకు కట్టినవాళ్లం, మనకు వేరే వాళ్లు నేర్పాలా? నిన్న రాయలేదంటే నిన్నటిది మాఫీ. ఇవాళ వంద ఇవాళే. వారానికి అయిదు రోజులు కుదిరినా అయిదు వందలు, నెలకు రెండు వేలు. తమ్ముడు ఒక్క రోజుకు పెట్టుకున్నది నాకు నెల పని. కానీ నెల తిరిగేసరికి చేతిలో ఒక కథ ఉంటుంది. సెలవు రోజు కొత్తది రాయను, వారమంతా రాసింది చదివి దిద్దుకుంటాను.

బస్సులో కూర్చుని ఆలోచించింది కూడా పనే. రేపు రాసే మొదటి వాక్యం బస్సు దిగేలోపు మనసులో కట్టుకుంటే రాత్రి ఫోన్ పట్టుకుని గుడ్లప్పగించి చూడక్కర్లేదు.

నోటితో చెప్పి రాయించే సౌకర్యం 2017లో గూగుల్ తెలుగుకు తెచ్చింది. వేగం బాగా పెరుగుతుంది. మన కరీంనగర్ మాటలను అది దాని ఇష్టం వచ్చినట్టు రాస్తుంది, దిద్దుకోవాలి. ఎనిమిది మంది ఉన్న గదిలో అది కుదరదు కూడా. నేను మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి చెబుతుంటాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ‘అన్న వదినతో మాట్లాడుతుండు’ అని పక్కకు తప్పుకుంటారు.

ఏం రాయాలన్నది లెక్కకంటే పెద్ద ప్రశ్న. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ‘జుట్టు రాలకుండా పది చిట్కాలు’ వంటి రాతను మిషను క్షణంలో రాసి పారేస్తోంది. దానితో వేగంలో పోటీ పడి మనం గెలవం. సైటులో, సముద్రంలో, బకాలాలో మన కళ్లతో చూసింది దానికి తెలియదు. ‘ఆడుజీవితం’ సినిమా 2024లో వచ్చినప్పుడు మన క్యాంపుల్లోనూ చాలామంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ నవల రాసిన బెన్యామిన్ 1992 నుంచి ఇరవై ఏళ్లకు పైగా బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసుకున్న మనిషి. నవల 2008లో వచ్చింది. అంటే గల్ఫ్‌కు వచ్చిన పదహారేళ్లకు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. యూఏఈలో మన కంపెనీకి కాకుండా ఇంకొకరికి పైసలు తీసుకుని పని చేయాలంటే కార్మిక మంత్రిత్వ శాఖ పర్మిట్ ఉండాలి. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ కఫీల్‌ను దాటి సంపాదిస్తే చిక్కులొస్తాయి. అనుమానం ఉంటే మంత్రిత్వ శాఖ నంబరు 600590000కు చేసి అడగండి. నేనైతే ఇక్కడ ఉన్నన్నాళ్లూ రాసి పెట్టుకోవడమే. పైసలకు ఇచ్చింది సెలవు మీద ఊరికి పోయినప్పుడే. రాత చేయి తిరగడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు కదా.

తమ్ముడు ఇప్పుడు రాస్తున్నాడు. గోడ మీది 2000లో చివరి సున్నాను మొదట కొట్టేశాడు. నెల తర్వాత ఇంకో సున్నా కొట్టేస్తానన్నాడు, ఇరవై మరీ తక్కువ అని నేనే ఆపాను. వాళ్ల నాయనది మరమగ్గం పని. సాంచాల చప్పుడు ఆగిపోయిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదని అక్కడ మొదలుపెట్టాడు. పోయిన శుక్రవారానికి వెయ్యి మాటలు దాటాయి. నిన్న రాత్రి పై మంచం మీంచి తల వంచి అడిగాడు.

‘‘అన్నా, మా నాయన తెగిన పోగును ముడేసెటప్పుడు చేసే పనికి పుస్తకంల ఏమంటరు?’’

‘‘మీ నాయన ఏమంటడో అదే రాయి’’ అన్నాను. లైటు ఆర్పే టైమైంది.