పరలోకవాసి ప్రశ్న

పుట్టినది మొదలు చూచుచున్న ఆచారమునకు కారణమేమో ఇంటివానికి తోచదు. ఊరికి కొత్తగా వచ్చిన వాడు ‘ఇది ఎందుకు?’ అని అడిగిన నాడు, సమాధానము చెప్పబోయి ఇంటివాడే తడబడుచున్నాడు. ఆ తడబాటులో నుండి పుట్టిన హాస్యము ఉత్తమజాతి హాస్యము. అందులో ఎవరిని చూచి నవ్వుచున్నామో తెలియక ముందే మనలను చూచి మనమే నవ్వుకొందుము.

ఈ ఉపాయము పాతది. 1721లో మాంటెస్క్యూ ఇద్దరు పారశీక యాత్రికుల లేఖల రూపమున ఫ్రెంచి సమాజమును పరిహసించెను. 1752లో వోల్టేరు ‘మైక్రోమెగాస్’ అను కథలో మరొక నక్షత్రలోకమునుండి మహాకాయుని దింపి, మానవుల అహంకారమును అతని కంటితో కొలిపించెను. మన భాషలో కందుకూరి వీరేశలింగము ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ వ్రాసి, స్త్రీలు పాలించు దేశమున పురుషుడు పడు పాట్లను చూపించెను. స్త్రీకి మన సమాజము విధించిన నియమములు పురుషునికి అన్వయించగనే వాని వైపరీత్యము బయటపడినది.

చలనచిత్రమునకు ఈ పాత్ర మన పురాణములలోనే సిద్ధముగా దొరికినది. ‘యమగోల’ (1977)లో యముడు భూలోకమునకు దిగి మన వ్యవహారములను చూచి విస్తుపోవును. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990)లో ఉంగరము పోగొట్టుకొన్న దేవకన్య స్వర్గమునకు తిరిగి పోలేదు. ‘యమలీల’ (1994)లో భవిష్యవాణి గ్రంథము జారిపోగా, దానిని వెదకుచు యముడు, చిత్రగుప్తుడు మన వీధులలో తిరిగెదరు. పోయిన వస్తువు ఇక్కడ కేవలము కథాసూత్రము కాదు. అది దొరికిన దాక అతిథి ఈ లోకమున ఉండక తప్పదు. ఉండక తప్పనివాడు అడుగక తప్పదు.

రాజ్‌కుమార్ హిరాణీ దర్శకత్వమున 2014 డిసెంబరులో వచ్చిన హిందీ చిత్రము ‘పీకే’ కూడ ఈ సూత్రముననే నడిచినది. గ్రహాంతరవాసి రాజస్థాన్ ఎడారిలో దిగిన వెంటనే, నౌకను పిలుచు పరికరము దొంగపాలగును. ‘దేవుడే ఇప్పించవలె’ అని అందరును అనగా, అతడు ఆ మాటను అక్షరాల నమ్మి దేవుని వెదకును. దేవుని కంట పడుటకు పసుపుపచ్చని శిరస్త్రాణము ధరించును. ఎవరును కొట్టకుండ చెంపలపై దేవుని బొమ్మలు అంటించుకొనును. దేవతలు కనబడుట లేదని ప్రకటనపత్రములు పంచును. అతడు ఎవరిని ఎగతాళి చేయడు. మనము చెప్పిన నియమమును మనకంటె నిజాయితీగా పాటించును. హాస్యమంతయు అచటనే ఉన్నది. చివరి భాగమున ఆ అమాయకుడు వాదించి గెలుచు వక్తయైనప్పుడు హాస్యము పలుచబడినదని నా అభిప్రాయము. ప్రశ్న ఉన్నంతసేపు ప్రేక్షకుడు ఆలోచించును; తీర్పు రాగానే ఏదో ఒక పక్షము చేరును. చిత్రముపై కొన్నిచోట్ల నిరసనలు చెలరేగుటయు ఇందుకు సాక్ష్యము.

ఇచట రచయితలు ఆలోచింపవలసిన సంగతి ఒకటి కలదు. ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కొంటా ప్రాంతమున భేజ్జి అను ఊరు ఉన్నది. శబరి దాటిన తెలుగునేలకు అది దూరము కాదు. ఆ ప్రాంతపు దోర్లల మాట గోండీ, కోయ భాషలకు చేరినదే అయినను తెలుగు సోకినది. కొత్త మామిడికాయను పండుము జరుపక ముందు నోట పెట్టరాదనుట ఆ సీమలోని ఆచారము. బయటినుండి వచ్చిన వాడు దీనిని మూఢనమ్మక మనును. కాయ ముదిరి టెంక గట్టిపడు వరకు చెట్టును కాపాడు కట్టుబాటు అందులో ఇమిడి ఉన్నదేమో అడిగి తెలిసికొనడు. మన చిత్రములు ఆదివాసిని పలుమార్లు ఈకలు తొడిగి ఎగిరించినవే గాని, అతనిచేత మనలను ప్రశ్నింపజేసినవి అరుదు.

2005 తరువాత సల్వా జుడుముకు, మావోయిస్టులకు నడుమ సాగిన హింసలో బస్తరు దక్షిణభాగమున అనేక పల్లెలు ఖాళీ అయినవి. వేలమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చిరి. ఇచటివారు వారిని గుత్తికోయలనిరి. కాగితము, పట్టా, తెగ హోదా అడిగిరి. అడవిలో పుట్టినవానికి అడవిలో ఉండుటకు కాగితమెందుకో ఆ అతిథి అడిగియుండిన, మనయొద్ద తడబడని సమాధానము ఉన్నదా?

పరలోకవాసి నక్షత్రములనుండియే దిగనక్కరలేదు. అతడు శబరి దాటి ఎప్పుడో వచ్చియున్నాడు. అతని ప్రశ్నను అతని మాటలోనే వినిపింపగల హాస్యరచన తెలుగులో రావలసి ఉన్నది. అది వ్రాయుటకు ముందు రచయిత ఆ అతిథి ఎదుట కూర్చుండి, తాను తడబడుటకు సిద్ధపడవలెను.