నల్లరేగడి మైదానమున తూటా లెక్క

అనంతపురము జిల్లా పడమటి కొసన, బళ్లారి సరిహద్దునకు చేరువగా పరచుకొనియున్న విడపనకల్లు మండలమున నల్లరేగడి నేల కంటికి ఆనినంత మేర చదునుగా సాగిపోవును. అక్కడక్కడ తుమ్మచెట్లును, గాలిమరల తెల్లని స్తంభములును తప్ప చూపునకు అడ్డము తగులునది లేదు. శనగ చేలు పచ్చబడు కాలమున ఈ మైదానముమీద కృష్ణజింకలు మందలు మందలుగా దిగి, లేతచిగుళ్లను కొరికి, మిగిలినదానిని త్రొక్కి, తరిమిన కొలది పొరుగు చేనిలోనికి దూకి, కాపరి వెనుదిరిగిన వెంటనే మరల వచ్చుచుండును. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప మండలముల రైతులదియు ఇదే గోడు. వానదేవుడు కరుణించినను జింక కరుణింపదని వారు వాపోవుటలో అతిశయోక్తి యేమియు లేదు.

ఈ జింకలకు ఏ తుపాకి పనికివచ్చునని షికారు మరగిన వారు పూర్వము అడిగెడి ప్రశ్నకు నేడు చట్టము చెప్పు సమాధాన మొక్కటే: ఏదియు పనికిరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున కృష్ణజింక మొదటి షెడ్యూలున చేరియున్నది. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు కూడ అదియే. ఇందులో ఒక వింత యున్నది. 1959 నాటి ఆయుధ చట్టము 13వ సెక్షనులో, పంటకాపుదలకై మూతినుండి మందు కూరెడి తుపాకిని కోరువానికి లైసెన్సు నీయవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. అనగా ఒక చట్టము రైతుచేతికి తుపాకి నిచ్చుచుండగా, రెండవ చట్టము ఆ తుపాకి ఎవరిమీద పేలవలెనో ఆ మృగమునకే అభయమిచ్చుచున్నది. రెంటి నడుమ రైతు చేయగలిగినది వట్టి మందు పేల్చి చప్పుడు చేయుటయే.

అయినను ఆ పాత ప్రశ్న వెనుకనున్న శాస్త్రము మిక్కిలి రమ్యమైనది. వేట నిషిద్ధమైనంత మాత్రమున దానిని తెలిసికొనుట నిషిద్ధము కాదు. తుపాకి రాకమునుపు వలలు పన్ని, కుక్కలను ఉసిగొల్పి వేటాడిన బోయల సీమ ఇది. అహోబిలేశుడంతటివాడు కనుమనాడు పారువేటకు బయలుదేరి ఊరూర తిరుగుట రాయలసీమలో నేటికిని జరుగుచునే యున్నది. వేటమాట ఈ నేలకు క్రొత్తది కాదు.

రైఫిలు పేరులో మొదట వినబడు అంకె దాని గొట్టపు లోవ్యాసమును తెలుపును. పోలీసు ఠాణాలలో మనము చూచిన త్రీనాట్‌త్రీ అనగా అంగుళమును వేయి పాళ్లు చేసి అందులో 303 పాళ్లు వ్యాసముగల గొట్టమని యర్థము. పన్నెండు బోరు తుపాకి లెక్క వేరు: దాని గొట్టములో సరిగా పట్టెడి సీసపు గుండ్లు పన్నెండు కలిపి తూచినచో ఒక పౌను తూగును, కనుకనే బోరు అంకె పెరిగినకొద్ది గొట్టము సన్నబడును. గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. పౌనునకు 7,000 గ్రెయినులు. మన కంసాలి త్రాసున తూగెడి గురివింద గింజలో రమారమి సగము ఒక గ్రెయిను.

అంకె పెద్దదైన కొలది తుపాకి గొప్పదని తలచుట సామాన్యుల భ్రమ. సినిమాలలో ఏనుగును కొట్టు తుపాకితో కుందేటిని కొట్టి మీసము దువ్వెడి జమీందారులను చూచి ఈ భ్రమ మరింత ముదిరినది. నిజమునకు వేటగాడు అడుగవలసినవి మూడు ప్రశ్నలు: మృగ మెంత బరువు, దూర మెంత, నడుమనున్న నేల యెట్టిది. ఈ మూడవదానిని మన షికారు కథకులు చాలవరకు విస్మరించినారు. విడపనకల్లువంటి చోట అన్నింటికంటె ముందు తేల్చవలసినది అదియే యని నా యభిప్రాయము.

దీనికి కెన్నెత్ ఆండర్సన్ తుపాకి మంచి నిదర్శనము. సికింద్రాబాదు చేరువనున్న బొల్లారములో 1910లో పుట్టి, బెంగుళూరున స్థిరపడి, 1974లో కన్నుమూసిన ఈ వేటగాడు 1954లో వెలువడిన తన మొదటి గ్రంథమున చిత్తూరు జిల్లా చామలలోయ పులికథను కూడ చెప్పినాడు. ఆయన జీవితమంతయు నమ్ముకొన్నది 1895 నమూనా వించెస్టరు రైఫిలు, దాని కాలిబరు (గొట్టపు లోవ్యాసము) .405. అమెరికా అధ్యక్షపదవి దిగి ఆఫ్రికా వేటకు వెళ్లిన థియొడోర్ రూజ్వెల్టు సింహములకై వెంట తీసికొనిపోయినదియు ఆ జాతి తుపాకియే. దాని గుండు 300 గ్రెయినులు, అనగా 19 గ్రాములకు పైమాట. వేగము సెకనుకు 670 మీటర్ల ప్రాంతము. శేషాచలపు పొదల మాటున, నలువది యేబది గజముల దూరమున, మీదికి దూకబోవు పులిని అక్కడికక్కడ కూలవేయుటకు అంతకంటె తగిన ఆయుధము అరుదు.

అదే తుపాకిని తెచ్చి విడపనకల్లు శనగచేని గట్టున నిలిచినచో కథ తారుమారగును. ఇచ్చట నల్లని ఇఱ్ఱి మనుష్యుని అల్లంత దూరముననే పసిగట్టును. రెండువందల మీటర్ల లోపలికి రానిచ్చుట దుర్లభము. గొట్టము వీడిన క్షణమునుండియే గుండును భూమి క్రిందికి లాగుచుండును. మొద్దుమూతి గల .405 గుండు రెండువందల మీటర్లు పోవునప్పటికి గొట్టపు సూటిరేఖనుండి అర మీటరునకు పైగా దిగిపోవును. దూరమును ఒక్క నలువది మీటర్లు తప్పుగా అంచనా వేసిననాడు అది జింక గుండెకు మారుగా కాలిని విరుగగొట్టును. అట్లు కాలు విరిగిన జింక ఆ రాత్రి తోడేళ్ల పాలు, వేటగానికిని దక్కదు. అందుచేత బయలు నేలలకు సన్ననిది, మొనదేలినది, వేగము గలది కావలెను. 7 మిల్లీమీటర్ల మౌజరు ఇట్టిది, ఆంగ్లేయ వ్యాపారులు .275 రిగ్బీ యని పేరుపెట్టి అమ్మినదియు అదియే. చంపావత్ నరభక్షక ఆడపులిని చంపినందులకు 1907లో జిమ్ కార్బెట్టునకు బహూకరింపబడినది ఇట్టి రైఫిలే. దాని 140 గ్రెయినుల గుండు తొమ్మిది గ్రాములు మాత్రమే; కాని సెకనుకు 800 మీటర్లకు పైబడిన వేగము వలన అదే దూరమున దిగుడు 30 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ముప్పదియైదు నలువది కిలోల మృగమునకు ఆ దెబ్బ చాలును.

ఇంకను గాలి యొకటి యున్నది. ఈ పీఠభూమి గాలిమరలకు ఆటపట్టయినది ఊరకే కాదు. నైరుతి ఋతుపవనము వానను కురిపించినను కురిపింపకున్నను గాలిని మాత్రము విసరక మానదు. రెండువందల మీటర్ల దూరమున సామాన్యమైన అడ్డగాలి కూడ గుండును బెత్తెడు ప్రక్కకు నెట్టును. కనుక ఇచ్చటి గురి ఆకాశమును, గడ్డిపోచలను చూచి పట్టవలసినది.

కాలిబరుల ఎంపిక వేటగాని ఇష్టము మీదనే నడచినదని తలపరాదు. ప్రభుత్వములును అందులో వేలు పెట్టినవి. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతనున్న సైన్యపు తుపాకులకు పనికివచ్చునను భయమున ఆంగ్లప్రభుత్వము 1907 ప్రాంతమున .450 రైఫిళ్లను భారతదేశములోనికి రానీయక నిషేధించగా, లండను తుపాకి వ్యాపారులు ఆ అంకెను కొద్దిగా జరిపి .465 అనియు, .470 అనియు క్రొత్త తూటాలను పుట్టించి వ్యాపారమును నిలువబెట్టుకొనిరి. దెబ్బలో భేద మేమియు లేదు, అంకెయే మారినది. నేడును త్రీనాట్‌త్రీ సామాన్యునకు నిషిద్ధమే. అందుకు బదులుగా బెంగాలులోని ఈశాపురపు రైఫిలు కర్మాగారము .315 రైఫిలును చేయుచున్నది. రాయలసీమ ఇండ్లలో లైసెన్సుతో నున్న రైఫిళ్లలో తరచుగా వినబడు పేరు ఇదియే. ఎన్నికలు వచ్చినపుడెల్ల పోలీసు ఠాణాలో అప్పగించి, ముగిసిన పిమ్మట తిరిగి తెచ్చుకొనుటయే ఇప్పుడా తుపాకులు చేయు ప్రయాణము.

గుండు స్వభావము కూడ కాలిబరంత ముఖ్యము. పూర్తిగా గట్టి లోహపు తొడుగు గలది దేహమును దూసుకొని పోవును. ఏనుగు కపాలమునకు అదియే తగినది. కొన మెత్తని సీసముతో విడువబడినది తగిలినంతనే పుట్టగొడుగు వలె విచ్చుకొని తన బలమంతయు లోపలనే వెచ్చించును. కలకత్తా చెంత డమ్‌డమ్ ఆయుధశాలలో ఇట్టి గుండ్లను సైన్యమునకై చేయగా ప్రపంచమంతట అలజడి రేగి, 1899లో హేగు సభ యుద్ధములో వాటిని నిషేధించినది. మనుష్యుని విషయమున క్రూరమని త్రోసివేసిన దానినే మృగము విషయమున దయగా ఎంచుట చిత్రమే. కాని త్వరగా చచ్చుటయే మృగమునకు మిగిలిన మేలు గనుక వేటగాండ్ర వాదమును కాదనలేము.

ఇక తూటాను చేతితో నింపుకొనుట. నిజమునకు నాటు తుపాకిని పట్టిన ప్రతివాడును ఈ పని చేయువాడే: మందు పోసి, పీచు కూరి, సీసపు రవ్వలు వేసి, ఇనుపకడ్డీతో దట్టించి, పైన క్యాపు పెట్టుట. రైఫిలు తూటాకు వచ్చునప్పటికి ఈ పని కంసాలి పని యగును. తూటాకు అంగములు నాలుగు: ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పుపుట్టించు క్యాపు, లోపల మందు, మూతిన గుండు. ఒకసారి పేలిన డొల్ల తుపాకి గదిని నింపునంతగా ఉబ్బును. దానిని ఉక్కు అచ్చులోనికి నొక్కి మొదటి కొలతకు తెత్తురు. చచ్చిన క్యాపును ఊడదీసి క్రొత్తది బిగింతురు. డొల్ల మెడ సాగియున్నచో కత్తిరింతురు. వెలుతురున త్రిప్పి చూచినపుడు సన్నని పగులు కనబడెనా, దానిని పారవేయుదురు. మందును తూచు త్రాసు గ్రెయినులో పదవ వంతును చూపవలెను. గురివింద గింజను ఇరువది ముక్కలు చేసిన అందులో ఒక ముక్క బరువు అది. అటుపిమ్మట గుండును మూతిలో ఎంత లోతున కూర్చుండబెట్టవలెనో సరిచూచి నొక్కుదురు. ఇంత శ్రమ యెందులకనగా, ఒకే కర్మాగారమున ఒకేనాడు పుట్టిన రెండు రైఫిళ్లకు ఒకే తూటా ఒకే విధముగా నచ్చదు. అమెరికాలో వేటాడువారు తమ తుపాకి మెచ్చిన తూకమును వెదకుటలో కాలమును మరచిపోదురు. పాత జోడుగొట్టాల రైఫిళ్లు గలవారికి అది వినోదము కాదు, అవసరము. వాటికి తూటాలు చేసెడి కైనాకు సంస్థ 1960ల దశకమున ఆ పెద్ద తూటాలను ఒక్కొక్కటిగా మానివేసినప్పుడు వారి తుపాకులు ఇనుపకడ్డీలతో సమానములైనవి.

ఈ పనిలో అపాయము రెండువైపులను పొంచియుండును. పేలు క్షణమున డొల్లలో చదరపు అంగుళమునకు 50,000 పౌనులకు అటునిటుగా ఒత్తిడి పుట్టును. మందు హెచ్చినను, ఒకదానికి మారుగా మరియొక జాతి మందు పడినను, తుపాకి కన్నులముందే పగులును. మందు తగ్గినచో గుండు గొట్టము నడుమ చిక్కుకొనును; ఎరుగక పేల్చిన రెండవ తూటా అప్పుడును తుపాకిని పగులగొట్టును. అచ్చుపుస్తకములోని కొలతను అణుమాత్రము దాటనివాడే ఈ విద్యలో ముసలివా డగును.

మన ఎండలు ఈ లెక్కలోనికి వచ్చుట చాలమందికి తెలియదు. నీలగిరులలోని అరువంకాడు కర్మాగారమున చేయబడెడి కార్డైటు మందు సేమ్యా వలె సన్నని పోగులుగా నుండును. దానికి వేడి తగిలినకొద్ది మంట ఉధృతమై ఒత్తిడి పెరుగును. ఆ జాతి మందు నింపగా లండను చలిలో సరిపోయిన తూటా విడపనకల్లు వైశాఖపు ఎండలో, నలువది డిగ్రీలు దాటిన వేళ, హద్దు మీరును. డొల్ల ఉబ్బి గొట్టములో బిగిసిపోవును. గాయపడిన పులి మీదికి వచ్చుచుండగా తుపాకి తెరచుకొనదు. అందుచేతనే ఉష్ణదేశములకని మందు తగ్గించిన తూటాలను ప్రత్యేకముగా అమ్మిరి; అందుచేతనే ఏనుగు రైఫిళ్ల డొల్లలు అంత పొడవుగా నుండును. చోటు హెచ్చిన ఒత్తిడి తగ్గునుగదా.

మన దేశమున లైసెన్సు లేక తూటా చేయుట నేరము. ఆయుధ చట్టము తూటా అను మాటలో దాని భాగములను, దానిని చేయు యంత్రములను కూడ చేర్చినది. తాత కాలపు పెట్టెలో ఆకుపచ్చని చిలుము పట్టిన తూటాలు దొరికినవారు వాటిని ఎండలో ఆరబెట్టుటగాని, పేలునేమో చూతమని తుపాకిలో పెట్టుటగాని చేయక, 21వ సెక్షను చెప్పినట్లు ఆలస్యము లేకుండ దగ్గరి పోలీసు ఠాణాలోనో, లైసెన్సు గల వర్తకుని వద్దనో అప్పగింపవలెను. తుపాకి దొరికినను అంతే.