ఎనిమిదితో ఆగే బడి భోజనం: ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలకు అందేదెంత?

ఇద్దరు అక్కచెల్లెళ్ల కూతుళ్లను ఊహించుకోండి. ఒకమ్మాయి పలాసలో ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండో అమ్మాయి ఖరగ్‌పూర్‌లో ప్రభుత్వ సాయంతో నడిచే బడిలో అదే తరగతిలో ఉంది. పలాస అమ్మాయికి మధ్యాహ్నం బడిలోనే అన్నం, గుడ్డు పెడతారు. ఖరగ్‌పూర్ అమ్మాయికి నిరుటి వరకూ భోజనం ఉండేది, తొమ్మిదిలోకి రాగానే ఆగిపోయింది. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే ఆకలి. తేడా అంతా రాష్ట్ర ప్రభుత్వాల నిర్ణయంలోనే ఉంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు పని కోసం ఖరగ్‌పూర్ చేరి, అక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అదనపు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. భాషకు గుర్తింపు వచ్చింది. మరి ఆ భాష మాట్లాడే పిల్లల ఆరోగ్యానికి బడి ఏం చేస్తోంది?

పళ్లెంలో ఏముండాలి?

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 నుంచి ఈ పథకం పేరు పీఎం పోషణ్. నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల ధాన్యంతో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150 గ్రాముల ధాన్యంతో 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి.

బియ్యాన్ని కేంద్రం ఉచితంగా ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ లాంటి వాటికి 2025 మే నుంచి ప్రాథమిక స్థాయిలో ఒక్కో విద్యార్థికి రోజుకు రూ.6.78, ఆ పై మూడు తరగతులకు రూ.10.17 లెక్కగట్టారు. బజారులో ఒక్క గుడ్డు ధరే ఇంచుమించు ఆరేడు రూపాయలు. రాష్ట్రం తన వంతుగా అదనంగా వేస్తే తప్ప పళ్లెంలోకి రోజూ గుడ్డు రాదు.

ఎనిమిదితోనే ఎందుకు ఆగుతోంది?

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. కేంద్ర పథకం హద్దు కూడా అక్కడే. కేంద్రీయ విద్యాలయాలు, ప్రైవేటు బడులు అసలు దీని పరిధిలోనే లేవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాత్రం సొంత నిధులతో తొమ్మిది, పది తరగతులకూ భోజనం పెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న పథకంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. పశ్చిమ బెంగాల్ కూడా 2023 జనవరి నుంచి కోడిమాంసం, గుడ్లు, పండ్లు అదనంగా పెట్టడానికి రూ.371 కోట్లు కేటాయించింది. కానీ దాన్ని నాలుగు నెలలకే పరిమితం చేసింది. అంటే దారి ఉంది, దాన్ని కొనసాగించే నిర్ణయమే కావాలి.

మాత్ర ఉంది, అన్నం లేదు

భోజనం ఆగే వయసే శరీరం ఎక్కువ అడిగే వయసు. ఎదుగుదల వేగంగా సాగుతుంది. ఆడపిల్లలకు నెలసరితో ఇనుము నష్టం మొదలవుతుంది. 2016-18 జాతీయ సమగ్ర పోషణ సర్వే ప్రకారం దేశంలో 10-19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం మందికి రక్తహీనత ఉంది. మగపిల్లల్లో ఇది 18 శాతం. పశ్చిమ బెంగాల్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 71 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

దీనికి విరుగుడుగా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకూ వారానికొక నీలిరంగు ఐరన్ మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంది. ఈ మాత్రను భోజనం తర్వాతే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, కడుపునొప్పి రావచ్చు. అలా ఒకసారి ఇబ్బంది పడిన పిల్ల రెండోసారి మాత్ర పారేస్తుంది. ఎనిమిదిలోపు పిల్లలకు బడి భోజనం అయ్యాక మాత్ర ఇవ్వొచ్చు. తొమ్మిది నుంచి మాత్ర కొనసాగుతుంది, దానికి ముందు తినాల్సిన అన్నం మాత్రం ఉండదు. అసలు చిక్కు ఇదే.

గేటు బయట ఏముంది?

బడిలో భోజనం లేని పిల్లలు డబ్బా తెచ్చుకుంటారు, లేదంటే గేటు బయట కొనుక్కుంటారు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉండే పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. ఇది ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ఈ నిబంధన గురి చిప్స్, శీతల పానీయాల లాంటి సరుకుపైనే తప్ప, ఉడికించిన శనగలో పండ్లో అమ్ముకునే బండివారి మీద కాదు. పైగా వారినే శుభ్రమైన నీళ్లు, మూతలతో గేటు దగ్గర నిలబెడితే పిల్లలకు మేలు.

ఆట పీరియడ్ ఎవరిది?

5-17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీబీఎస్ఈ తన బడుల్లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజూ ఒక ఆటల పీరియడ్‌ను 2018లో తప్పనిసరి చేసింది. కానీ పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతుంటే లెక్కలకో సైన్సుకో ముందుగా బలయ్యేది ఆ పీరియడే. సాయంత్రం ట్యూషన్ మిగతాది మింగేస్తుంది.

మహేంద్ర సింగ్ ధోనీ టికెట్ కలెక్టర్‌గా పనిచేస్తూ క్రికెట్ ఆడిన ఊరు ఖరగ్‌పూర్. రైల్వే సెర్సా స్టేడియం ఇక్కడే ఉంది. ఊళ్లో మైదానముంటే చాలదు. బడివేళల్లో ఆడపిల్లలు కూడా అందులో ఆడగలగాలి.

తల్లిదండ్రులు ఏం అడగాలి?

బడి యాజమాన్య కమిటీ సమావేశంలో మూడు ప్రశ్నలు వేయొచ్చు. ఐరన్ మాత్ర ఏ రోజు, తిన్నాకే ఇస్తున్నారా? గేటు దగ్గర 50 మీటర్ల నిబంధనను ఎవరు చూస్తున్నారు? ఆటల పీరియడ్ వారంలో నిజంగా ఎన్నిసార్లు జరుగుతోంది?

ఇంట్లో చేయగలిగిందీ ఉంది. డబ్బాలో అన్నం, పప్పుతో పాటు ఆకుకూర, గుడ్డు లేదా శనగలు పెట్టి, పైన నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటపడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గిపోతుంది.

అయితే అన్ని ఇళ్లలోనూ డబ్బా నింపే స్తోమత ఉండదు. అందుకే తొమ్మిది, పది తరగతులకూ భోజనం కావాలని రాష్ట్రాన్ని అడగాలి. తెలుగు రాష్ట్రాలు ఇప్పటికే చేసి చూపించాయి కనుక అది గొంతెమ్మ కోరికేమీ కాదు.