చెత్తగుట్ట అడుగున రాయి సంగతి చూశారా?

రైతు సోదరులారా, మీ ఊరి శివారులో పాడుబడిన రాళ్ళ క్వారీ ఉందనుకోండి. ఎందుకూ పనికిరాని గుంట కదా, పట్నం చెత్త అందులో పోస్తే మీకు పోయేదేముందని ఎవరైనా అడగవచ్చు. తలూపే ముందు ఆ గుంట అడుగున ఏముందో కనుక్కోండి.

తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల మన కాళ్ళకింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. గట్టి రాయిలో నీరు నిలవదు. నీరుండేది రెండు తావుల్లోనే. పైన రాయి చివికి మొరంగా మారిన పొర ఒకటి. మామూలుగా ఇది 30 నుంచి 60 అడుగుల దాకా ఉంటుంది. మన తాతలు మోట బావులు తవ్వింది ఇందులోనే. దాని కింద గట్టి రాతిలోని పగుళ్ళు రెండోది. వీటిలో ఎక్కువభాగం 300 అడుగుల లోపే ఉంటాయి. మీ బోరుకు నీళ్ళొచ్చేది వీటినుంచే.

చెత్త మీద పడ్డ వాన కుళ్ళిన సరుకునంతా కడుక్కుంటూ నల్లని కషాయంలా దిగుతుంది. ఇంజనీర్లు దీన్ని లీచేట్ అంటారు. మట్టిపొర మందంగా ఉంటే సీసం వంటి లోహాలను కొంతవరకు పట్టి ఉంచుతుంది. క్లోరైడును మాత్రం ఏ మట్టీ ఆపదు. మరి క్వారీలో ఆ మట్టిని ఎప్పుడో తోడేశారు. మందుగుండు పేలుళ్ళకు రాయి ఇంకా బీటలు వారి ఉంటుంది. మురుగు నేరుగా పగుళ్ళలోకే పోతుంది. పనికిరాని గుంట అనుకున్నదే అన్నిటికన్నా చెడ్డ చోటు! నల్లరేగడి ఉంది గదా అని కూడా ధీమా వద్దు, వేసవిలో అది ఎంత నెర్రెలిస్తుందో మీకు చెప్పనక్కర్లేదు.

మా చేను దూరంలో ఉంది, మాకేంలే అనుకోకండి. ఇసుక నేలలోలాగా రాతి నేలలో నీరు ఒక తీరుగా పాకదు. పగులు ఎటుంటే అటే పోతుంది. పక్క బోరు బాగుండి దూరపు బోరు చెడవచ్చు. పల్లపువైపు బోర్లు రాత్రింబవళ్ళు తోడుతుంటే మురుగు కూడా అటే లాగుతుంది. మొత్తం మీద నేల వాలు ఎటో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. హైదరాబాద్ చెత్త పోసిన జవహర్‌నగర్ గ్రానైటు నేలే. అక్కడి మురుగు దిగువనున్న మల్కారం చెరువును పాడుచేసింది. తర్వాత గుట్టను కప్పారు, మురుగును శుద్ధి చేసే పనీ మొదలుపెట్టారు. కప్పితే కొత్త వాన లోపలికి దిగదు, నిజమే. అప్పటికే పగుళ్ళలో చేరింది మాత్రం అంత తేలిగ్గా బయటికి రాదు.

2016లో కేంద్రం తెచ్చిన నియమాల్లో గుంట అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు పరవాలని ఉండేది. ఆ బంకమట్టి ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లకు మించి నీటిని దిగనివ్వనంత గట్టిది కావాలన్నారు. నీటిమట్టం బాగా పైకొచ్చినప్పుడు సైతం ఆ మట్టిపొరకు 2 మీటర్లు కిందే ఉండాలన్నారు. తాగునీటి బావులకు 200 మీటర్ల ఎడం ఉండాలన్నారు. నీటిమట్టం ఏప్రిల్‌లో కొలిచి చూపిస్తే ఒప్పుకోకండి, వానలయ్యాక కొలవమనండి.

చెత్త పడకముందే మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు లేకపోతే రేపు 'మీ నీళ్ళు మొదటినుంచీ ఇంతే' అనేస్తారు. మోటారు పావుగంట నడిపి, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి, నిండా పట్టి బిరడా బిగించండి. తేదీ, బోరు లోతు, రైతు పేరు చీటీ మీద రాసి అంటించండి. ఇలా మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి.

రిపోర్టులో ముందు క్లోరైడు, మొత్తం లవణాలు చూడండి. తాగే నీటికి క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు, లవణాలు 500 దాటకుండా ఉంటే మేలు. వేరే నీటి వసతి లేనప్పుడు 1000, 2000 వరకు ఫరవాలేదంటారు. ఏటా ఈ అంకెలు ఎక్కుతుంటే ఆ నీళ్ళు తాగడం ఆపండి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఉప్పులు పోవు. నైట్రేటు 45 దాటిందంటే మాత్రం తొందరపడి చెత్తగుట్ట మీదికే నెట్టేయకండి. మన యూరియా, పెంటకుప్పల వల్ల కూడా అది పెరుగుతుంది. నైట్రేటుతోపాటు క్లోరైడూ ఎక్కి, చెత్తగుట్టకు ఎగువనున్న బోర్లు మామూలుగా ఉంటే అప్పుడు ఆ గుట్టను అనుమానించాలి.