ఫొటో అప్‌లోడ్ చేస్తే ఫొటో ఒక్కటే వెళ్తుందా?

పాత ఫోన్ అమ్ముదామనుకుంటాం. ఇంట్లోనే మంచం మీద ఫోన్, బాక్స్, బిల్లు, చార్జర్ పక్కపక్కన పెట్టి నాలుగు ఫొటోలు తీసి, ఏదో కమ్యూనిటీ సైట్‌లో అప్‌లోడ్ కొట్టేస్తాం. ఫొటోలో మన ఇల్లు ఎక్కడా కనిపించదు. కానీ ఆ ఫైల్ లోపల మన ఇల్లు మ్యాప్‌లో ఎక్కడుందో రాసి ఉండొచ్చు!

ఫైల్ లోపల ఏముంటుంది?

ఫోన్ కెమెరా ఫొటోతో పాటు ఎక్సిఫ్ అనే డేటాని కూడా సేవ్ చేస్తుంది. ఫోన్ మోడల్, తేదీ, టైమ్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ అన్నీ అందులోనే. కెమెరా యాప్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశం, రేఖాంశం కూడా చేరతాయి. ఆ అంకెలు మ్యాప్‌లో పేస్ట్ చేస్తే చాలు, దాదాపు మన గుమ్మం దాకా వచ్చేయొచ్చు.

2012 డిసెంబర్‌లో ఇలాగే జరిగింది. యాంటీవైరస్ కంపెనీతో పేరు తెచ్చుకున్న జాన్ మెకాఫీ అప్పుడు బెలీజ్ పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్నాడు. ఆయనతో ఉన్న వైస్ మ్యాగజైన్ వాళ్లు ఐఫోన్‌తో తీసిన ఫొటోని నేరుగా వెబ్‌లో పెట్టేశారు. అందులోని జీపీఎస్ వివరాలు చూసి, ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని నెటిజన్లు పట్టేశారు. కొద్ది రోజుల్లోనే అక్కడ అరెస్టయ్యాడు.

సైట్ ఏం చేయాలి?

రూల్ ఒక్కటే: యూజర్ పంపిన ఫైల్‌ని ఉన్నది ఉన్నట్టు జనానికి చూపించకూడదు. సర్వర్‌లో దాన్ని ఓపెన్ చేసి, పిక్సెల్స్ మాత్రమే తీసుకుని, కొత్త ఫైల్‌గా సేవ్ చేయాలి. దీన్నే రీ-ఎన్‌కోడింగ్ అంటారు.

ఇది ఎంత ముఖ్యమో 2023 మార్చిలో తెలిసింది. పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ టూల్‌తో స్క్రీన్‌షాట్ క్రాప్ చేస్తే, పాత ఫైల్‌లోని డేటా కొంత చివర్లో అలాగే మిగిలిపోయేది. కార్డ్ నంబర్ కత్తిరించేశాం అనుకున్నా, దాన్ని వెనక్కి తెచ్చే చాన్స్ ఉండేది. దీనికి 'ఎక్రోపలిప్స్' అని పేరు పెట్టారు. గూగుల్ అప్‌డేట్ ఇచ్చింది కానీ, అప్పటికే అప్‌లోడ్ అయిన ఫొటోలని ఏ అప్‌డేటూ సరిచేయలేదు. రీ-ఎన్‌కోడ్ చేసే సైట్లలో మాత్రం ఆ మిగులు డేటా ముందే పోయింది.

సైట్ వాళ్లకీ రిస్క్ ఉంది. 2016లో బయటపడ్డ 'ఇమేజ్‌ట్రాజిక్' లోపంతో, ఫొటోలా కనిపించే ఫైల్‌తోనే సర్వర్ మీద కమాండ్లు నడిపించే వీలుండేది. కాబట్టి పేరు చివర జేపీజీ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. లోపల ఉన్నది నిజంగా ఫొటోనేనా అని చెక్ చేయాలి. ఫొటోలు ప్రాసెస్ చేసే లైబ్రరీని అప్‌డేట్‌గా ఉంచాలి.

సొంతంగా సైట్ కడుతున్నవాళ్లకి ఒక చిన్న టిప్. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో ఫైల్‌లో అడ్డంగానే ఉండి, "తిప్పి చూపించు" అన్న సూచన ఎక్సిఫ్‌లో ఉండొచ్చు. ముందు ఫొటోని తిప్పి, ఆ తర్వాతే ఎక్సిఫ్ తీసేయండి. లేదంటే ఫొటోలు పక్కకి పడుకుంటాయి!

మరి కెమెరా శాంపిల్స్ సంగతి?

మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి ఐఎస్ఓ, షట్టర్ స్పీడ్ కావాలి కదా. వాటిని ఉంచి జీపీఎస్‌ని మాత్రం తీసేయొచ్చు. ఈ రెండూ విడివిడి ట్యాగ్‌లే.

మన చేతిలో ఉన్నవి

* కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి.
* ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన 'ఆప్షన్స్' నొక్కి లొకేషన్ ఆఫ్ చేయొచ్చు.
* వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ డేటా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైల్ మొత్తం వెళ్తుంది.
* ఏ సైట్ మీదైనా డౌటుంటే, లొకేషన్ ఉన్న ఫొటో ఒకటి ఇంటికి దూరంగా, ఏ బస్టాండ్‌లోనో తీసి అప్‌లోడ్ చేయండి. దాన్నే మళ్లీ డౌన్‌లోడ్ చేసి డీటెయిల్స్ చూడండి. మ్యాప్ కనిపించిందా? అయితే ఆ సైట్‌లో ఇంట్లో తీసిన ఫొటోలు పెట్టకండి.

ఫొటో లేని రివ్యూని ఎవరూ నమ్మరు, ఫొటో లేకుండా ఫోన్ అమ్ముడుపోదు. అందుకే అప్‌లోడ్ బటన్ ఉండాల్సిందే. కానీ సెట్టింగ్స్ జోలికే వెళ్లని మన అమ్మానాన్నలు కూడా అదే బటన్ నొక్కుతారు. వాళ్ల ఇంటి అడ్రస్ బయటికి పోకుండా చూడాల్సింది ఆ బటన్ పెట్టినవాళ్లే.